హిమము కొరకు వేచినవారు

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. పుష్యమాసపు తెల్లవారుజామున చెరువుగట్టును కప్పివేసేదీ మంచే, గడ్డిపరకపై నిలిచిన నీటిబొట్టూ మంచే, హిమాలయ శిఖరాలపై ఏళ్ల తరబడి కరగక నిలిచినదీ మంచే. ఆకాశంనుండి దూదిపింజలవలె రాలి నేలను తెల్లగా కప్పే దానికి మనవారు వేరుగా పేరు పెట్టుకొనలేదు. ఆ అవసరం మనకు కలుగలేదు. పుస్తకాలలో చెప్పవలసి వచ్చినప్పుడు సంస్కృతంనుండి హిమమనే మాట తెచ్చుకొన్నాము. ఈ ప్రసంగంలోనూ ఆ మాటనే వాడుతాము.

హిమం ఎన్నడూ పడని దేశంలో దానికై ఎదురుచూచేవారు అరుదు. ఏటేటా తప్పక పడే దేశంలోనూ అరుదే. రష్యాలోని రైతు హిమం వస్తుందని ఎరిగి ముందుగానే కట్టెలు పేర్చుకొంటాడు, ఆశపడడు. వస్తుందో రాదో తెలియని చోటనే ఆశ పుడుతుంది. అటువంటి దేశం ఇంగ్లండు.

అక్కడి శీతకాలాన్ని నడిపేది గాలి. అట్లాంటిక్ సముద్రం మీదుగా వచ్చే పడమటి గాలి తడిగలది, వెచ్చనిది. అది వీచినంతకాలం జనవరిలోనైనా కురిసేది వానే. స్కాండినేవియా పైననో ఉత్తర రష్యా పైననో అధిక పీడనం ఏర్పడి కదలక కూర్చున్నప్పుడు పడమటి గాలికి దారి మూసుకొంటుంది. అప్పుడు తూర్పునుండి ఖండపు చలిగాలి దిగుతుంది. ఆ రెండు గాలులూ కలిసే చోట, ఒకటి రెండు డిగ్రీల తేడాతో, వాన హిమమవుతుంది. అందుచేత ఆ దేశంలో ఒక విధమైన మనుష్యులు తయారైనారు. చలి ముదిరిన రోజులలో ఇరుగుపొరుగువారు తలుపులు బిగించుకొంటుంటే, వీరు గంటకొకసారి బయటికి వచ్చి ఉష్ణమాపకం చూస్తారు, భారమితి చూస్తారు, గాలి ఏ దిక్కునుండి వీస్తున్నదో చూస్తారు. లోకం వీరిది పిల్లచేష్ట అంటుంది. కాని మూడు శతాబ్దాలకు పైబడిన ఇంగ్లండు చలి చరిత్ర మనకు దక్కినదంటే చాలవరకు ఇటువంటివారి మూలాననే. వీరి ఆశ ఎటువంటిది, ఆ ఆశ లెక్కను చెరపకుండా ఎట్లా కాపాడుకొన్నారు అనేది ఈనాటి మన విషయం.

హాంప్‌షైర్ మండలంలో సెల్బోర్న్ అనే పల్లె ఉన్నది. గిల్బర్ట్ వైట్ అనే చర్చి గురువు 1720లో అక్కడ పుట్టి, 1793లో అక్కడనే కన్నుమూసినాడు. పక్షుల రాకపోకలు, పూలు పూచే కాలాలు, వాన కొలతలు ఏనాటికానాడు పుస్తకంలో వ్రాసికొనడం ఆయన అలవాటు. 1789లో వెలువడిన ఆయన ‘సెల్బోర్న్ ప్రకృతిచరిత్ర’ నేటికీ ముద్రణలో ఉన్నది. అందులోని చివరి లేఖలలో ఒకటి 1784 డిసెంబరు చలిని గూర్చినది.

ఆ నెల 7వ తేదీన హిమం పట్టుకొని, ఆనాడూ మరునాడూ విడువక పడినది. 9వ తేదీ ఉదయానికి నేలపై 12 నుండి 15 అంగుళాల మందాన పేరుకొని, దారులన్నీ పూడిపోయినవి. సాయంకాలానికి గాలి పదునెక్కడం చూచి వైట్ రెండు ఉష్ణమాపకాలను ఆరుబయట వ్రేలాడగట్టినాడు. ఒకటి మార్టిన్ అనే పనివాడు చేసినది. రెండవది డాలండ్ చేసినది. రాత్రి పదకొండు గంటలకు పాదరసం ఫారన్‌హీట్ 4 డిగ్రీలకు దిగినది. తెల్లవారేసరికి డాలండ్ పరికరంలో సున్నాకు అర డిగ్రీ క్రిందికి పోయినది. మార్టిన్ పరికరంలో అంకెలు 4 వద్దనే ముగిసినవి. పాదరసం ఇంకా దిగి, క్రింది ఇత్తడి తొడుగులో దాగికొన్నది. చూడవలసిన వింత వచ్చేనాటికి పరికరం కొరగాకుండా పోయినదని వైట్ విసుగుకొన్నాడు. ఆ విసుగులో ఎంత ఉత్సాహమున్నదో శ్రోతలు గ్రహించగలరు. 10వ తేదీ రాత్రి డాలండ్ పరికరం సున్నాకు ఒక డిగ్రీ దిగువను చూపినది. సెంటీగ్రేడులో అది సుమారు మైనస్ 18.

ఇక్కడినుండి ఆయన కోరిక మరింత పెరిగినది. సెల్బోర్న్‌కు దగ్గరలోనే, రెండువందల అడుగులకు పైబడిన ఎత్తున, న్యూటన్ అనే గ్రామం ఉన్నది. పల్లంలోనే ఇంత చలి ఉంటే మెరకమీద ఇంకెంత ఉండాలి? అక్కడి మిత్రునికి కబురు పంపి, ఆయన ఉష్ణమాపకాన్ని కూడా బయట కట్టించినాడు. గొప్ప వింత వినబోతున్నామనుకొన్నాడు. వచ్చిన జవాబు తలక్రిందులుగా ఉన్నది. సెల్బోర్న్‌లో సున్నాకు ఒక డిగ్రీ దిగువన ఉన్న ఆ రాత్రి న్యూటన్‌లో పాదరసం 17 వద్దనే ఆగినది. మరునాటి ఉదయం ఇక్కడ 10 ఉంటే అక్కడ 22.

వైట్ కలతపడినాడు. మిత్రుని పరికరంలో ఏదో లోపముండి ఉండాలని తోచినది. అట్లా వ్రాసి ఊరుకొంటే అడిగేవారెవరూ లేరు. ఆయన ఊరుకొనలేదు. తన పరికరాలలో ఒకదానిని న్యూటన్‌కు పంపి, రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టించినాడు. రెండూ ఒకే అంకె చూపినవి. అప్పుడు తన ఊహ తప్పు, పరికరం ఒప్పు అని వ్రాసికొన్నాడు. చెట్లు కూడా దానికి సాక్ష్యం చెప్పినవి: సెల్బోర్న్‌లో ఆయన పెంచుకొన్న పచ్చని చెట్లు, ఇష్టపడి పెంచిన కంచె మాడిపోగా, న్యూటన్‌లో అవే జాతి చెట్లు ఒక్క ఆకు కూడా రాల్చలేదు. గాలి కదలని నిర్మలమైన రాత్రి, చల్లబడి బరువెక్కిన గాలి వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుందని, అందుచేత పల్లమే మెరకకంటె చల్లనిదవుతుందని నేడు పాఠ్యపుస్తకాలు చెబుతున్నవి. వైట్ దానిని తన ఆశకు విరుద్ధంగా కనుగొన్నాడు. మేము ఈ కథను ఇంత వివరంగా చెప్పినది అందుకొరకే.

హిమానికి రెండవ ముఖం కూడా ఉన్నది. 1683–84 శీతకాలంలో లండన్ నగరంలోని థేమ్స్ నది గడ్డకట్టి, దానిపై అంగళ్లు వెలసినవి. మంచుగడ్డపై ముద్రణయంత్రం నిలిపి, డబ్బిచ్చినవారి పేర్లు జ్ఞాపికలుగా అచ్చువేసి యిచ్చారు. రెండవ చార్లెస్ రాజు సైతం సకుటుంబంగా పేర్లు అచ్చు వేయించుకొన్నాడు. 1814 ఫిబ్రవరిలో జరిగిన చివరి జాతరలో ఆ గడ్డమీద ఒక ఏనుగును నడిపించారని చెప్పుకొంటారు. 1831లో కొత్త వంతెన వచ్చి, ఇరుకు కమానుల పాత లండన్ వంతెన పోయిన తర్వాత నీటి ఒరవడి పెరిగినది. నగరంలో ఆ నది మళ్లీ అట్లా గడ్డకట్టలేదు. వేడుక చూచినవారు దీనిని వ్రాసినారు. ఆ నదిపైనే పడవలు నడుపుకొని బ్రతికేవారికి మాత్రం అది పనిలేని కాలం. 1739–40 చలిలో ఐర్లండులో బీదల ఆహారమైన బంగాళాదుంపలు నేలలోనే గడ్డకట్టి చెడిపోయినవి. దాని వెంట వచ్చిన కరువులో, రోగాలలో లక్షలమంది మరణించారు. హిమము కొరకు ఆశపడడం ఇంట్లో పొయ్యి వెలుగుతున్నవానికి చెల్లిన వేడుక. ఈ సంగతి మరచి వారిని పొగడడం న్యాయం కాదు.

అయితే ఆ చలి ఎంతటిదో, ఏ యేడు ఏ యేటికంటె కఠినమో ఎట్లా తెలిసినది? వైట్ వంటివారు ఊరూరా ఉండబట్టి. ఆయన బావ థామస్ బార్కర్ రట్లండ్ మండలంలో 1736 నుండి 1798 వరకు, అరువది ఏండ్లకు పైగా, వాతావరణాన్ని వ్రాసి పెట్టినాడు. ఇరువదవ శతాబ్దంలో ఎల్. సి. డబ్ల్యు. బొనసీనా 1876 మొదలు బ్రిటనులో పడిన హిమపాతాలను ఏడాదివారీగా పట్టిక వేసి, ప్రతి శీతకాలాన్ని స్వల్పం, సామాన్యం, అధికం, అత్యధికం అని తరగతులుగా విభజించినాడు.

ఇటువంటి పుస్తకాలను పోగుచేసి ఒక్క త్రాటిపై గ్రుచ్చినవాడు గోర్డన్ మాన్లీ. 1902లో పుట్టిన ఈ ఆచార్యుడు స్వయంగా హిమాసక్తుడు. 1930ల చివర ఉత్తర ఇంగ్లండులోని గ్రేట్ డన్ ఫెల్ కొండమీద, ఎనిమిదివందల మీటర్లకు పైబడిన ఎత్తున, ఒక చిన్న కుటీరం కట్టుకొని గాలినీ చలినీ కొలిచినాడు. తరువాత పాత దినచర్యల మీద పడినాడు. వెనుకటివారిలో కొందరు ఉష్ణమాపకాన్ని నిప్పులేని గదిలో ఉంచేవారు. ఒకరి కొలమానం మరొకరికి సరిపడేది కాదు. కొన్ని ఏండ్లకు ఇంగ్లండులో మంచి లెక్కలే దొరకక హాలండులోని ఉట్రెక్ట్ లెక్కల సహాయం తీసికొనవలసి వచ్చినది. వీటినన్నిటినీ సరిచూచి, మధ్య ఇంగ్లండు నెలసరి ఉష్ణోగ్రతలను 1953లో ప్రకటించి, 1974లో వాటిని 1659 వరకు వెనుకకు తీసికొనిపోయినాడు. ప్రపంచంలో పరికరాలతో కొలిచిన ఉష్ణోగ్రతల పట్టికలలో ఇదే అన్నిటికంటె పొడవైనది. నమ్మకం చాలని పాత నెలలకు ఆయన దశాంశాలు వేయలేదు. అర డిగ్రీకో, నిండు డిగ్రీకో సవరించి ఊరుకొన్నాడు. తెలిసినంతే చెప్పడం ఆయన పద్ధతి.

ఇటువంటి కట్టుబాటే హిమాన్ని లెక్కించడంలోనూ ఉన్నది. బ్రిటనులోని పరిశీలకులు హిమం పడిన రోజులను ఒక వరుసలోను, నిలిచిన రోజులను మరొక వరుసలోను వ్రాస్తారు. ఉదయం తొమ్మిది గంటలకు ఎదుటి నేలలో సగానికి పైగా హిమం కప్పి ఉంటేనే నిలిచినట్లు లెక్క. నిన్న సాయంకాలం గుత్తులు గుత్తులుగా రాలి, పిల్లలను వీధిలోనికి పిలిచి, తెల్లవారేలోపల కరిగిపోయినదానికి రెండవ వరుసలో చోటు లేదు. రాత్రంతా మేలుకొని వేచినవాడు ఉదయం తన చేతితోనే అక్కడ సున్నా వేయాలి. క్రిస్మసు నాటి హిమానికి మాత్రం ఆ దేశపు వాతావరణ శాఖ ఒక ఉదారమైన నియమం పెట్టుకొన్నది: డిసెంబరు 25న ఇరువదినాలుగు గంటలలో ఒక్క రేకు రాలినట్లు కనబడినా చాలు. పందెములవారి వ్యాపారమంతా ఆ ఒక్క రేకు మీదనే నడుస్తుంది.

1947 శీతకాలం ఆశపడినవారిని కూడా అలసిపోజేసినది. జనవరి 22 నుండి మార్చి 17 వరకు బ్రిటనులో ఎక్కడో ఒకచోట ప్రతిదినమూ హిమం పడుతూనే ఉన్నది. యుద్ధానంతరపు కొరతలో బొగ్గు గనులనుండి కదలలేదు. విద్యుత్తు ఆదా కొరకు ఫిబ్రవరి 10న టెలివిజన్ ప్రసారాలు ఆపివేసినారు; రేడియోలో మూడవ కార్యక్రమం సైతం కొంతకాలం మూగబోయినది; వారపత్రికలు రెండు వారాలు వెలువడలేదు. మార్చిలో ఆ హిమమంతా కరిగి వరదలై పొలాలను ముంచినది. రేడియోవారమైన మేము ఆ ఘట్టాన్ని చదివినప్పుడు మా పనిలోని ఒక లోపం తలచుకొంటాము. రోజూ కనిష్ఠ ఉష్ణోగ్రతను చదువుతాము. చదివిన మరుక్షణం ఆ కాగితం ప్రక్కన పడవేస్తాము. ఆ అంకెకు విలువ రేపటి అంకె ప్రక్కన, వచ్చే యేటి అంకె ప్రక్కన నిలిచినప్పుడే కలుగుతుంది.

1962 డిసెంబరు 26న మొదలైన హిమం మార్చి తొలివారం దాకా చాల ప్రాంతాలను విడువలేదు. 1963 జనవరి సగటు మైనస్ 2.1 డిగ్రీల సెంటీగ్రేడు; 1814 జనవరి తర్వాత అంత చల్లని నెల లేదు. మాన్లీ పట్టిక మొత్తం మీద మూడు శీతకాలాల సగటు మాత్రమే సున్నాకు దిగువన ఉన్నది: 1683–84, 1739–40, 1962–63. ఆ తరువాత నాలుగవది రాలేదు. 2010 డిసెంబరు చలి 1890 తర్వాత ఏ డిసెంబరులోనూ చూడనిది; ఆ క్రిస్మసునాడు అక్కడి పరిశీలన కేంద్రాలలో నూటికి 83 చోట్ల నేలపై హిమమున్నది. అది తప్పితే, ఇటీవలి దశాబ్దాలలో హిమం నిలిచే రోజులు తగ్గుతూ వచ్చినవి. ఈ తగ్గుదలను అందరికంటె ముందుగా మనసులో అనుభవించినవారు ఆశపడినవారే. ఋజువుతో చూపగలిగినది మాత్రం సున్నాలు సైతం విడువక వ్రాసిన వారి పుస్తకాలు.

మన వైపునకు వద్దాము. ఇటువంటి ఆసక్తి మనవారికి కొత్త కాదు. విశాఖపట్టణంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో సొంత ఖర్చుతో నక్షత్రశాల నెలకొల్పినాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు కాలంలో అక్కడ ఆకాశ దర్శనంతో పాటు వాతావరణ పరిశీలనలు కూడా సాగినవి. అదే విశాఖకు పడమటి దిక్కున, నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున లంబసింగి ఉన్నది. మంచు చూడాలని శీతకాలంలో జనం అక్కడికి తరలిపోతారు. వారు చూచేది హిమపాతం కాదు, దట్టమైన పొగమంచు. చలి బాగా ముదిరిన ఉదయాలలో గడ్డిమీద పేరిన తెల్లని మంచు. ఆ ఊరికి కొర్రబయలు అని మరొక పేరు. ఆరుబయట ఉన్నవాడు కొయ్యబారిపోతాడని దాని అర్థం చెబుతారు. వేడుకకు వచ్చినవారు ఆంధ్ర కాశ్మీరమని ముద్దుపేరు పెట్టుకొన్నారు; ఏటేటా ఆ చలిని భరించేవారు పెట్టుకొన్న పేరు ఇది. రెండు పేర్లూ నిజమే.

పుష్యమాసంలో పూస గ్రుచ్చ పొద్దుండదంటారు. ఆ కొద్ది పొద్దులోనే ఉష్ణమాపకం చూచి ఒక్క అంకె వ్రాయడానికి నిమిషం చాలు. మన పాఠశాలలలో, మన్యపు ఊళ్లలో, తీరికగల పెద్దల ఇండ్లలో ఈ శీతకాలంనుండి ఒక్కొక్క పుస్తకం మొదలుపెట్టవచ్చును. మంచు పేరిన ఉదయాన అట్లాగే వ్రాయాలి. ఎంతో ఆశపడి లేచి చూస్తే ఏమీ లేని ఉదయాన, ఏమీ లేదని వ్రాయాలి.