రేపటి కథలో ఎవరుందురు?

సైన్సు కథలనగానే మనకు స్ఫురించునవి రాకెట్లు, యంత్రములు, ఇతర గ్రహములు. ఆ కథలలో మనుష్యులును ఉందురు. కాని యెట్టి మనుష్యులు? అమెరికాలోని ఒక నల్లజాతి రచయిత్రి ఈ ప్రశ్నను జీవితాంతము విడువలేదు. ఆమె పేరు ఆక్టేవియా బట్లర్.

ఆమె 1947లో కాలిఫోర్నియాలోని పాసడీనా నగరమున జన్మించెను. తండ్రి ఆమె పసితనముననే గతించెను. తల్లి పరుల యిండ్లలో పాచిపని చేయుచు, దొడ్డిదారిని వచ్చుచు పోవుచు నుండుట ఆ బాలిక కన్నులార చూచెను. పండ్రెండవ యేట అంగారక గ్రహమునుగూర్చిన యొక చలనచిత్రమును చూచి, ఇంతకన్న మంచి కథ తానే వ్రాయగలననుకొనెను. నల్లవారు రచయితలు కాజాలరని బంధువులలో ఒక పెద్దామె హెచ్చరించినను ఆమె మానలేదు.

కళాశాలలో మరియొక హెచ్చరిక వినవచ్చెను. ఇతివృత్తమునకు తప్పనిసరియైననే తప్ప నల్లజాతి పాత్రలను ప్రవేశపెట్టవలదని ఒక వృద్ధోపాధ్యాయుడు ఆమె తోడి విద్యార్థికి బోధించెను. 1980లో వ్రాసిన వ్యాసమున ఆమె ఈ సంగతిని తలచుకొని ఖండించెను. తెల్లవాడు కథలోనికి వచ్చుటకు కారణమడుగనివారు నల్లవానిని మాత్రము అడుగుటలోని అన్యాయము మనకును తెలియుచునే యున్నది.

1970లో ఆమె పెన్సిల్వేనియాలోని క్లారియన్ రచనా శిబిరమున ఆరు వారములు శిక్షణ పొందెను. బోధకులలో శామ్యూల్ డిలేనీ అను నల్లజాతి రచయితయు ఉండెను. శిబిరము ముగియునాటికి రెండు కథలు అమ్ముడుపోయెను గాని, ఆపై ఐదేండ్లవరకు ఒక్కటియు అమ్ముడుపోలేదు. ఆమె చిన్న చిన్న కూలిపనులు చేయుచు, తెల్లవారుజామున రెండుగంటలకే లేచి వ్రాయుచుండెను. తొలి నవల 1976లో వెలువడెను.

1979 నాటి ‘కిండ్రెడ్’ నవలలో 1976 నాటి యొక నల్లజాతి యువతి, బానిసత్వమున్న నాటి మేరీలాండునకు కాలములో వెనుకకు ఈడ్వబడును. రచయిత్రి మొదట పురుషుని నాయకునిగా గైకొనెను. కాని నేటి స్వతంత్రుని నడవడి గల నల్లవానిని ఆ కాలపు యజమానులు బ్రదుకనీయరు. కథ ముందుకు సాగదు. అందువలన నాయకుని స్థానమున నాయికను నిలిపెను. పాత్ర యెవరన్నది అలంకారము కాదనియు, కథాగమనమునే నిర్ణయించుననియు ఇందువలన బోధపడును. తలవంచి బ్రదికిన పూర్వులను నిందించు యువకులకు, ఆ తలవంపులోని ధైర్యమును చూపుటయే ఆమె యుద్దేశము.

తరువాత ఆమెయే అట్టి శిబిరములలో ఉపాధ్యాయిని యయ్యెను. ప్రేరణకొరకు కాచుకొనియుండక నిత్యాభ్యాసమును నమ్ముకొనుమనియే క్రొత్త రచయితలకు ఆమె యుపదేశము. 1995లో మెకార్థర్ పురస్కారమును పొందిన తొలి సైన్సు కథారచయిత ఆమెయే.

ఆమె 2006లో మరణించెను. శ్వేతేతర జాతుల విద్యార్థులు ఆ శిబిరములలో చేరుటకై ఆమె పేర విద్యార్థివేతన మేర్పడెను. 2021లో పర్సివరెన్స్ వాహనము అంగారకునిపై దిగిన తావునకు నాసావారు ఆమె పేరిడిరి. వెనుకటి దొడ్డిదారిని ఎరిగిన ఇంటి బిడ్డ పేరు అది.