మీ ఇంటికి గాలాడుతోందా? థర్మోస్టాట్ నుంచి మండువా లోగిలి దాకా

భవానీపురంలో మా ఫ్లాట్ నుంచే మాట్లాడుతున్నా. నా వెనకాల టేబుల్ మీద చిన్న పెట్టె కనిపిస్తోంది కదా, ఈరోజు కథ దాని గురించే. అది నేనే చేశా. కానీ దాని వెనకున్న చరిత్ర చదివాక, నేను కొత్తగా కనిపెట్టింది పెద్దగా ఏమీ లేదని అర్థమైంది.

పోయిన మే నెల. మొవ్వ దగ్గర పల్లెటూరి నుంచి అమ్మమ్మ వచ్చింది. బెజవాడ ఎండలు మీకు తెలిసినవే. కరెంటు బిల్లు తగ్గుతుందని తలుపు కింద, కిటికీ సందుల్లో ఫోమ్ టేపు అంటించేశా. అమెరికా వాళ్ల వీడియో చూసి చేసిన పని అది. తెల్లారాక అమ్మమ్మ, "ఒరేయ్ నాన్నా, గది చల్లగానే ఉందిరా, గాలే ఆడట్లేదు. తల దిమ్ముగా ఉంది" అంది. "నీకు ఏసీ అలవాటు లేక అమ్మమ్మా" అని కొట్టిపారేశా. ఆ రాత్రి నుంచి ఆవిడ హాల్లో, ఆ ఉక్కపోతలోనే పడుకుంది.

తర్వాత కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ తెప్పించి గదిలో పెట్టా. బయటి గాలిలో అది 420 పీపీఎం చుట్టూ ఉంటుంది. తెల్లవారుజామున మా గదిలో 2,300! ఎందుకంటే మామూలు స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. 1858లోనే మ్యూనిక్‌లో మాక్స్ ఫాన్ పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త గదికి 1,000 పీపీఎం హద్దు అన్నాడు. ఆ మోతాదులో అది విషమని కాదు. మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత మిగిలిపోయిందో ఆ అంకె చెబుతుంది.

మరి సందులు మూసే ఐడియా ఎక్కడిది? చలి దేశాలది. 1883లో అమెరికాలో వారెన్ జాన్సన్ అనే ప్రొఫెసర్ ఎలక్ట్రిక్ థర్మోస్టాట్‌కి పేటెంట్ తీసుకున్నాడు. గది వేడి ఎంతుందో చూడ్డానికి కాలేజీ నౌకరు మాటిమాటికీ క్లాసులోకి రావడం ఆయనకి చిరాకు! 1973లో చమురు ధరలు మండిపోయాయి. దాంతో అక్కడ ఇళ్లనీ ఆఫీసులనీ గాలి దూరకుండా బిగించారు. 1980ల్లో ఆ బిల్డింగుల్లోనే జనానికి తలనొప్పులు, కళ్ల మంటలు. దానికి 'సిక్ బిల్డింగ్ సిండ్రోమ్' అని పేరు కూడా పెట్టారు. 2011లో నెస్ట్ స్మార్ట్ థర్మోస్టాట్ వచ్చింది కూడా అక్కడే.

మన కృష్ణా డెల్టా సమస్య వేరు. ఇక్కడ గాలిని ఆపడం కాదు, ఎప్పుడు రానివ్వాలో తెలియాలి. మన మండువా లోగిళ్లు చేసింది అదే. మధ్యలో పైకప్పు లేని జాగా, చుట్టూ వసారా, పైన పెంకులు, ఎదురెదురుగా గుమ్మాలు. వేడి గాలి మండువాలోంచి పైకి పోతుంది, ఆ ఖాళీలోకి గుమ్మాల్లోంచి చల్లటి గాలి వస్తుంది. వడగాలి వీస్తే వట్టివేళ్ల తడకలు కట్టి నీళ్లు చల్లేవాళ్లు. గాలి పొడిగా ఉన్నప్పుడే ఆ ఉపాయం పనిచేస్తుంది, తేమగా ఉంటే ఉక్క ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు నా పెట్టె. లోపలి వేడి, బయటి వేడి, తేమ, కార్బన్ డయాక్సైడ్ చూస్తుంది. పచ్చ లైటు వెలిగితే కిటికీ తెరవాలి, ఎర్ర లైటు వెలిగితే మూయాలి. వారం రోజుల లాగ్ తీసి చూశా. ఎండ రోజుల్లో తెల్లవారుజామున పచ్చ, తొమ్మిదికల్లా ఎరుపు, పొద్దుగూకాక మళ్లీ పచ్చ. అమ్మమ్మ వాళ్లింట్లో తలుపులు తీసే టైమూ మూసే టైమూ సరిగ్గా ఇవే! నా కోడ్ ఆవిడ దినచర్యకి కాపీలా ఉంది. ఫోన్ చేసి సారీ చెప్పా. "ఇప్పటికైనా తెలిసిందా?" అని నవ్వింది.

కానీ పెట్టె చేయలేని పని ఒకటుంది. మా బెడ్‌రూంకి కిటికీ ఒక్కటే, దాని ఎదురుగా పక్క అపార్ట్‌మెంట్ గోడ. లోపలికొచ్చిన గాలి బయటికి పోవడానికి దారి లేదు. పచ్చ లైటు వెలిగినా లాభం తక్కువే. అందుకే టేపు పీకేసి, రాత్రి కాసేపు తలుపు తీస్తున్నా. ఏసీ 26లో పెట్టి ఫ్యాన్ వేస్తున్నా. ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, చెబుతోంది. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 చుట్టూ తింటుంది.

మీరు ఇల్లు కట్టుకుంటున్నా, అద్దెకి చూస్తున్నా ఫాల్స్ సీలింగ్ తర్వాత చూడండి. గాలి ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ముందు చూడండి. అది తర్వాత ఏ యాప్‌లోనూ డౌన్‌లోడ్ అవదు. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!