పది లక్షల పుస్తకాల పొత్తు

ఇరవై ఒకటవ శతాబ్దపు తొలి ఏళ్లలో మొదలైన ‘మిలియన్ బుక్స్ ప్రాజెక్టు’ విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, ప్రభుత్వాలు, ధార్మిక సంస్థలు కలిసి సాగించిన అరుదైన ప్రయత్నం. పది లక్షల గ్రంథాలను డిజిటల్ రూపంలోకి మార్చి ఎవరైనా ఉచితంగా చదువుకునేలా చేయాలన్న ఈ సంకల్పానికి ప్రధాన సారథి, నాటి చిత్తూరు జిల్లాలో పుట్టి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి.

ఏ ఒక్క సంస్థా మోయలేని ఈ భారాన్ని భాగస్వాములు తమ తమ శక్తి మేరకు పంచుకున్నారు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ పరికరాలకు నిధులిచ్చింది. భారత్, చైనా సంస్థలు పుస్తకాలను, పనివారిని సమకూర్చాయి. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయమూ వారితో కలిసింది. భారతదేశంలో ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పేరుతో సాగిన ఈ పనిని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సమన్వయపరచగా, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, తిరుమల తిరుపతి దేవస్థానం వంటివి స్కానింగ్ కేంద్రాలను నిర్వహించాయి.

పెళుసుబారిన పుస్తకాన్ని బౌండు విప్పకుండా వెల్లకిలా తెరిచి ఉంచితే యంత్రం పైనుండి పుటలను చిత్రించేది. పనివారు ఒక్కొక్క పుటనూ చేత్తో తిప్పేవారు. ఆ తరువాత అంచుల మసకను తొలగించి, ఒరిగిన పంక్తులను సరిచేసేవారు. అయితే మెటాడేటా, అంటే శీర్షిక, రచయిత, ప్రచురణ సంవత్సరం వంటి వివరాల నమోదు, అంత శ్రద్ధగా సాగలేదు. తెలుగు శీర్షికలను రోమన్ లిపిలో ఎవరికి తోచినట్లు వారు రాయడంతో, స్కానైన పుస్తకం సైతం వెతికే పాఠకుడికి దొరకని స్థితి ఏర్పడింది. చిత్రంలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే ఓసీఆర్ పరిజ్ఞానం ఒత్తులు, గుణింతాల కలయికల వద్ద తడబడడంతో, లోపలి మాటలను వెతికే వీలూ లేకపోయింది.

2007 నాటికి పదిహేను లక్షల పుస్తకాలు పూర్తయ్యాయని ప్రకటన వెలువడింది. కాలక్రమంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు అందుబాటులో లేకుండా పోయినా, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్షలేని సంస్థ వద్ద చేరిన ప్రతుల వల్ల లక్షలాది గ్రంథాలు నేటికీ పాఠకులకు దక్కుతున్నాయి. యంత్రాలు కొనడానికీ, స్కానింగు పూర్తిచేయడానికీ కుదిరిన పొత్తు, ఆ తరువాతి దశాబ్దాల పోషణకు బాధ్యులెవరో ముందే నిర్ణయించుకోవాలనీ, ప్రతులను ఒకే చోట కాక పలు సంస్థల వద్ద భద్రపరచాలనీ ఈ చరిత్ర స్పష్టంగా నిరూపిస్తున్నది.