బొమ్మ కదిలిన కథ

నిశ్చల చిత్రములు కదలుట ఎట్లు? 1832లో బెల్జియం శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్లాటో చీలికలు గల అట్టచక్రముపై వరుస బొమ్మలు గీసి అద్దము ముందు త్రిప్పగా, అవి కదలినట్లే కన్పట్టెను.

1936 నాటికి రాజమహేంద్రవరమున దుర్గా సినీటోన్ వెలసి చిత్రములు తీసినది. కాని ఫిలిము కడుగువరకు తప్పు తెలియదు. తెలిసినను ఖర్చయిన ఫిలిము తిరిగిరాదు. కావున బడిపిల్లలు ప్రేక్షకులుగనే మిగిలిరి.

1975లో అమెరికాలో స్టీవెన్ సాసన్ ఫిలిము లేని కెమెరాను నిర్మించెను. 10,000 బిందువుల చిత్రమొకటి నమోదగుటకు 23 సెకనులు పట్టెను.

నేడు రావులపాలెం ప్రాథమిక పాఠశాల బాలురును, బాలికలును అరటి మొవ్వాకు విప్పుకొనుటను దినమునకు 8 చిత్రముల చొప్పున 6 దినములు తీయవచ్చును. ఆ 48 చిత్రములను సెకనుకు 12 వంతున నడపినచో 6 దినముల పెరుగుదల 4 సెకనులలో కన్పట్టును. తప్పినచో చెరిపి మరల తీయవచ్చును. ఉపాధ్యాయుడు చేయవలసినది ఒక్కటే: కెమెరాను పిల్లల చేతికిచ్చుట.