ఫ్రెస్కోబాల్డి సంగీతానికి పాత వాద్యాల సాక్ష్యం

జిరోలామో ఫ్రెస్కోబాల్డి 1583లో ఫెరారాలో పుట్టాడు. 1608లో రోములోని సెయింట్ పీటర్స్ చర్చికి ఆర్గన్ విద్వాంసుడయ్యాడు. 1643లో ఆ నగరంలోనే కన్నుమూశాడు. ఆయన స్మారక కచేరీలలో చారిత్రక వాద్యాలను వాడటం వేదికకు శోభ కోసమేనన్న అభిప్రాయం ఒకటుంది. అది సరికాదు. ఆయన రాసిన స్వరాలకు ఆ వాద్యాలే మొదటి వ్యాఖ్యానం.

టొక్కాటాల (స్వేచ్ఛగా సాగే కీబోర్డు రచనల) తొలి సంపుటానికి ఆయన రాసిన ముందుమాటనే చూద్దాం. తాళానికి కట్టుబడవద్దని, భావాన్ని బట్టి ఒకచోట నిదానించి మరోచోట వేగం పెంచమని అందులో చెప్పాడు. ఆలాపన వినే అలవాటున్న మనకు ఇది కొత్తగా తోచదు. దానితోపాటే మరో సూచన ఉంది: ఆరంభంలోని స్వరసముదాయాలను ఒక్కో స్వరంగా విప్పుతూ వాయించాలి, అవసరమైతే మళ్లీ మీటాలి, వాద్యాన్ని ఖాళీగా వదలకూడదు. పియానో మీద ఈ మాటకు కారణం దొరకదు. పెడల్ తొక్కితే నాదం నిలుస్తుంది. ఇటాలియన్ హార్ప్సికార్డ్ సంగతి వేరు. పల్చని సైప్రస్ పలకలతో చేసిన ఆ వాద్యంలో తీగను మీటగానే నాదం చురుగ్గా లేచి, అంతే త్వరగా తగ్గిపోతుంది. ఆ మౌనాన్ని నింపే ఉపాయమే ముందుమాటలోని సూచన.

శ్రుతి విషయం ఇంకా ముఖ్యం. నాటి మీన్‌టోన్ పద్ధతిలో షడ్జం నుంచి అంతర గాంధారానికి ఉన్న దూరం 5:4 నిష్పత్తిలో శుద్ధంగా పలుకుతుంది. నేటి పియానోలో అది దాదాపు 14 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) ఎక్కువ. శుద్ధమైన గాంధారం ప్రశాంతంగా నిలిచినప్పుడే అపస్వరపు ఒరిపిడి గుచ్చుకుంటుంది, అది సర్దుకున్నప్పుడు హాయి కలుగుతుంది. పియానోలోని సమాన శ్రుతిలో ఈ రెండింటి మధ్య ఎడం తగ్గిపోతుంది.

ఆయన 1635 నాటి సంపుటం ‘ఫియోరి మ్యూజికాలి’లో, చర్చి పూజలో ప్రసాదాన్ని పైకెత్తే ఘట్టానికి రాసిన టొక్కాటాలున్నాయి. ఇటాలియన్ ఆర్గన్లలో కావాలనే కొద్దిగా శ్రుతి తప్పించి అమర్చిన గొట్టాల వరుస ఒకటి ఉంటుంది. ప్రధాన వరుసతో కలిస్తే నాదం సన్నగా కంపిస్తుంది. దాన్ని నిదానంగా వాయించాలని ఆర్గన్ నిర్మాత కోస్తాంజో అంతెన్యాతి 1608లోనే రాశాడు. ఈ టొక్కాటాలను ఆ కంపనంతో వింటే వాటి నెమ్మదితనం వెలితిగా కాక ప్రార్థనగా వినిపిస్తుంది.

బొలోన్యాలోని సాన్ పెత్రోనియో చర్చిలో 15వ శతాబ్దపు ఆర్గన్‌కు ఎదురుగా 1596 నాటి ఆర్గన్ ఉంది. రెండూ నేటికీ పలుకుతున్నాయి. అదే నగరంలోని సాన్ కొలంబానోలో లుయిజి ఫెర్దినాందో తల్యావీని సేకరించిన వాద్యాలున్నాయి. ఇవి ఫ్రెస్కోబాల్డి సొంత వాద్యాలని చెప్పటం లేదు. ఆయన చెవికి అలవాటైన నాదప్రపంచం మాత్రం ఇదే.

2043లో ఆయన వర్ధంతికి 400 ఏళ్లు నిండుతాయి. అప్పటి కచేరీలకు నిర్వాహకులు ఇచ్చే కరపత్రంలో కళాకారుడి పేరు పక్కనే వాద్యం ఎప్పటిదో, ఏ శ్రుతి పద్ధతిలో ఉందో తప్పక అచ్చువేయాలి.