చేరిన తేదీ రాసే జాతకం

అమెరికాలో ప్రైవేటు జెట్ పైలట్ ఎంత ఎదుగుతాడన్నది అతని నైపుణ్యం కన్నా చేరిన తేదీ మీదే ఎక్కువ ఆధారపడిందని నెట్‌జెట్స్ చరిత్ర చూస్తే అనిపిస్తుంది. 1964లో ఎగ్జిక్యూటివ్ జెట్ ఏవియేషన్ పేరుతో మొదలైన ఈ సంస్థ చాలాకాలం చిన్నదే.  1984లో రిచర్డ్ సాంటుల్లి దీన్ని కొన్నాడు. 1986లో ఒక్కో విమానాన్ని వాటాలుగా అమ్మే పద్ధతి తెచ్చాడు. అసలు మలుపు అదే. వాటాదారు కబురు పెట్టిన కొద్ది గంటల్లో విమానం రావాలి. అంటే పైలట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వాటాలు అమ్ముడైతే నియామకాలు జోరందుకుంటాయి, అమ్మకాలు ఆగితే దరఖాస్తులు మూలనపడతాయి.

సంపన్నుల ప్రయాణాలకు మాంద్యం సెగ తగలదని ఎవరైనా అనవచ్చు. అయితే 1998 నుంచి పెట్టుబడుల సంస్థ బెర్క్‌షైర్ హాత్‌వే అండ ఉన్నా, 2008 సంక్షోభం తర్వాత నెట్‌జెట్స్ దాదాపు 500 మంది పైలట్లను పక్కన పెట్టింది. చేరిన తేదీని బట్టి సాగే సీనియారిటీ వరుసలో చివర ఉన్నవాళ్లకే ఆ దెబ్బ తగిలింది. ఆ వరుస వల్ల పక్షపాతానికి తావు తగ్గిందన్న మాట నిజమే. కానీ వేరే సంస్థకు మారితే ఎంత అనుభవమున్నా మళ్లీ అడుగునే నిలబడాలి. పైగా ఎయిర్‌లైన్ పైలట్ల పదవీ విరమణ వయసు 2007 చివర్లో 60 నుంచి 65కి పెరగడంతో అక్కడి ఖాళీలూ వెనక్కి జరిగాయి.