పావురము తీసిన బొమ్మ

యాత్రాస్థలములను గూర్చిన ప్రకటన చిత్రములలో ఒక దృశ్యము తరచుగా కనిపించుచుండును. కెమెరా ఒక హోటలు ముంగిట, నేలకు దగ్గరగా మొదలై మెల్లగా పైకి లేచును. మొదట చెట్లు, పిదప మిద్దె, ఈతకొలను, వాని వెనుక సముద్రమో కొండయో ఒకటొకటిగా కన్నులకు వచ్చును. దీనిని తీయునది డ్రోను, అనగా మనిషి ఎక్కని చిన్న విమానము. ఈ పరికరము చౌకయై అందరి చేతికి వచ్చి పది పన్నెండేండ్లే అయినది. కాని మనిషి పైకి పోకుండ కెమెరాను మాత్రము పంపి, అది తెచ్చిన బొమ్మలను సందర్శకులకు అమ్ముట నూరేండ్లనాటి పని.

ఫ్రాన్సు దేశీయుడగు నాదార్ 1858లో బెలూను ఎక్కి పారిసు సమీపమున ఛాయాచిత్రము తీసెను. అది నేడు లభ్యము కాదు. 1860లో బోస్టను నగరముపై జేమ్సు వాలెస్ బ్లాక్ తీసిన చిత్రము నిలిచియున్నది. వీరిద్దరును తామే పైకి పోవలసి వచ్చెను. 1888లో ఆర్థర్ బాట్యూ అను ఫ్రెంచివాడు కెమెరాను గాలిపటమునకు కట్టి, మెల్లగా కాలు వత్తి సాయమున దాని మూత తెరపించెను. 1906లో భూకంపము పాలైన శాన్‌ఫ్రాన్సిస్కోను జార్జి లారెన్సు చిత్రించుటకు 17 గాలిపటములు కావలసివచ్చినవి. ఆయన కెమెరా బరువు సుమారు 22 కిలోలు మరి! గాలిపటమునకు గాలి ఉండవలెను, తాడును ఉండవలెను. తాడు లేని వాహనమేది?

జర్మనీలో ఫ్రాంక్‌ఫర్టు సమీపమున క్రోన్‌బర్గు అను ఊరిలో యూలియుస్ నోయ్‌బ్రోన్నర్ (1852-1932) అను మందుల అంగడివాడు ఉండెను. తొందర పని పడినప్పుడు ఆయన మందులను పావురములచే తెప్పించుకొనెడివాడు. ఒకసారి ఒక పావురము దారితప్పి, నాలుగు వారముల తరువాత చక్కగా మేసి బలిసి తిరిగివచ్చినది. అంతకాలము అది ఎక్కడ తిరిగినట్లు? పావురమునకే కెమెరా కట్టినచో ఈ సంగతి తేలునని ఆయనకు తోచెను.

పావురము మోయగల బరువు సుమారు 75 గ్రాములు. కావున అంతకు మించని చిన్న కెమెరాను చేయించి, పక్షి రొమ్మునకు పట్టీలతో కట్టించెను. ఆకాశమున మీట నొక్కువారు లేరు గదా! అందుకై ఒక చిన్న గదిలో గాలిని నింపి, సన్నని రంధ్రముగుండ మెల్లగా పోనిచ్చెను. గాలి తగ్గినకొలది లోని ముషలకము జరిగి, చివరకు మూతను తెరచును. పక్షిని దూరముగా తీసికొనిపోయి విడిచినచో, బరువు మోయుచున్నది గనుక అటునిటు తిరుగక తిన్నగా ఇల్లు చేరును. ఇట్టిది అసాధ్యమని పేటెంటు కార్యాలయమువారు మొదట త్రోసిపుచ్చిరి. సాక్ష్యము గల చిత్రములను చూచిన పిమ్మట 1908లో అనుమతించిరి. 1909లో డ్రెస్డెను ప్రదర్శనములో పావురములు వచ్చి వాలుట జనులు చూచుచుండగనే, అవి తెచ్చిన చిత్రములను పోస్టుకార్డులుగా అచ్చువేసి అమ్మిరి.

ఆ చిత్రములలో మిక్కిలి పేరుపొందినది క్రోన్‌బర్గులోని రాజభవనపు చిత్రము. విక్టోరియా రాణి పెద్దకుమార్తె కట్టించుకొన్న భవనమది. 1954 నుండి హోటలుగా నడచుచున్నది. చిత్రపు అంచులలో పావురపు రెక్కల కొసలు పడియున్నవి. తీసినవారెవరో చెప్పు సంతకమన్నమాట.

చలనచిత్రమున మరియొక చిక్కు కలదు. నిశ్చలచిత్రమునకు ఒక్క క్షణము చాలును. సినిమాకు కెమెరా నిమిషముల తరబడి వణకరాదు. హెలికాప్టరు వణకు కెమెరాకు సోకకుండ ఫ్రెంచి దర్శకుడు ఆల్బేర్ లామొరిస్ ‘హెలివిజన్’ అను అమరికను రూపొందించి, 1960లో వెలువడిన తన చిత్రమున వాడెను. ఆ కీర్తి వలననే ఇరాన్ ప్రభుత్వమువారు తమ దేశమును ఆకాశమునుండి చూపుమని ఆయనను కోరిరి. 1970 జూన్ 2న, టెహరాను సమీపమున కరజ్ ఆనకట్టను చిత్రించుచుండగా హెలికాప్టరు కూలి ఆయన మరణించెను. ఆ చిత్రమును 1978లో భార్యయు కుమారుడును పూర్తిచేసిరి. ఒక దేశపు అందమును చూపుటకు చెల్లిన వెల అది.

2013లో డి.జె.ఐ. అను చైనా కంపెనీ ‘ఫాంటమ్’ డ్రోనును విక్రయింపసాగెను. మరుసటి ఏడాది దాని క్రొత్త నమూనాలో కెమెరాను మూడు అక్షములపై నిలుపు ‘గింబల్’ వచ్చెను. అతి సూక్ష్మమైన గైరోస్కోపులు డ్రోను ఒరగుటను సెకనుకు అనేక పర్యాయములు కొలుచును. చిన్న మోటార్లు కెమెరాను అంతే కోణము ఎదురు దిశకు త్రిప్పును. వాహనము ఊగినను చిత్రము ఊగదు. ఉపగ్రహముల సాయమున అది ఆకాశమున ఒకేచోట నిలువగలదు కూడ. అయితే పావురము తన దారిని ఎదురైనదెల్ల పట్టితెచ్చినది. డ్రోను నడుపువాడు హోటలు ప్రక్కనున్న మురికికాలువను చట్రములోనికి రానీయడు. ప్రకటన చిత్రములను చూచునప్పుడు విద్యార్థులు ఈ భేదమును గమనింపవలెను.

మన దేశమున 2014 అక్టోబరులో పౌరుల డ్రోనులను ప్రభుత్వము నిలిపివేసెను. 2021 ఆగస్టులో వెలువడిన నియమములు, ఆకుపచ్చ మండలములని గుర్తించిన చోట్ల 120 మీటర్ల ఎత్తువరకు ముందస్తు అనుమతి లేకుండ ఎగురనిచ్చుచున్నవి. నోయ్‌బ్రోన్నర్ పావురములు ఎగిరినది 50 నుండి 100 మీటర్ల ఎత్తున.